పాట అయిపోయాక

హైదరాబాద్ రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. ఫస్లీ లెక్కలో 1329. 'యూనక్స్ యాక్ట్' అని దాని పేరు. తెలుగులో రాస్తే తిట్టులా ఉంటుంది కాబట్టి పేరు అలాగే ఉంచుదాం. ఆ చట్టం ప్రకారం హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు జరీదాలో ప్రత్యేకంగా ప్రకటించిన చోట్లా ఉండే హిజ్రాల పేర్లు, ఇళ్ల వివరాలతో ఒక రిజిస్టరు పెట్టాలి. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, 'ప్రకృతి విరుద్ధమైన' నేరాలు చేస్తారనో అనుమానం ఉంటే చాలు, పేరు ఎక్కించొచ్చు. పేరు ఎక్కాక ఆ మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే నేరం. వీధిలోకి కనబడాలని ఇంకెక్కడ నిలబడ్డా నేరమే. వీధిలో నాట్యం చేసినా, వాద్యం వాయించినా, నలుగురి ముందు ఏ వినోదంలో పాలుపంచుకున్నా నేరమే. వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

దీని మూలం బ్రిటిష్ వాళ్ల 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో ఉంది. దాని మొదటి భాగం కొన్ని సంచార సమూహాల మీద పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. రెండో భాగం హిజ్రాల మీద పడింది. స్వతంత్రం వచ్చాక 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయింది. ఇక్కడి చట్టం మాత్రం పోలేదు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ప్రతి సర్కారూ దాన్ని పాత బీరువాలోంచి తీసి కొత్త బీరువాలో పెట్టుకుంది. 2018లో వైజయంతి వసంత మొగ్లీ, ఇంకొందరు కలిసి హైకోర్టుకు పోతే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఇది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని చెప్పి కొట్టేసింది. నూట నాలుగేళ్లు బతికింది ఆ చట్టం.

పోయిన చట్టం గురించి ఇప్పుడెందుకు అనొచ్చు. చట్టం పోయినా అది లేవనెత్తిన ప్రశ్న పోలేదు. రాజ్యం దొంగతనానికి భయపడుతుంది, తిరుగుబాటుకు భయపడుతుంది, అర్థం చేసుకోవచ్చు. ఒక మనిషి చీర కట్టుకుని ఆడితే ఎందుకు భయపడింది? నీతి పేరు చెప్పి సరిపెట్టుకుందామంటే కుదరదు. చాటున జరిగేవాటి కోసం వేరే సెక్షన్లు ఉండనే ఉన్నాయి. ఈ చట్టం గురిపెట్టింది బాహాటంగా జరిగేదాని మీద. సిగ్గుపడుతూ, తలుపేసుకుని, ఎవరి కంటా పడకుండా బతికేవాళ్లతో సర్కారుకు పేచీ లేదు. సిగ్గుపడాల్సిన మనిషి అనుకున్నవాళ్లు సింగారించుకుని బజారులో నిలబడి పాడితేనే పేచీ. అంటే ఆటపాటల్లో ఏదో శక్తి ఉందని చట్టం రాసినవాడికి మనకంటే ముందే తెలుసు.

మరి మనకు తెలుసా? నలుగురిలో ఆడటం, పాడటం ఎప్పుడు ధిక్కారమవుతుంది, ఎప్పుడు ఒట్టి కాలక్షేపంగా మిగులుతుంది? మనం చూసి చప్పట్లు కొడితే ఆడిన మనిషిని ఒప్పుకున్నట్టేనా?

*

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? హిజ్రాల ఆటపాట తెలియనివాళ్లు మాత్రం ఉండరు. కొత్త దుకాణం తెరిస్తే వాళ్లొస్తారు, చప్పట్లు కొట్టి, దిష్టి తీసి, దీవించి పోతారు. పిల్ల పుట్టినా, ఇల్లు కట్టినా వస్తారు. కాచిగూడ నుంచి నిజామాబాద్ పోయే రైలు కామారెడ్డి దాటే లోపు ఏదో ఒక పెట్టెలో ఆ చప్పట్లు వినబడతాయి. పది రూపాయలు ఇచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టించుకునే ముసలమ్మలుంటారు, నిద్ర నటించే కుర్రాళ్లుంటారు. పక్క జిల్లాలో వేములవాడ. శ్రీరామనవమి నాడు ఒకవైపు సీతారాముల కల్యాణం జరుగుతుంటే, అదే వేళకు జోగినులు, శివసత్తులు, హిజ్రాలు చేతిలో త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని శివుడితో లగ్గం చేసుకుంటారు. చూడటానికి జనం విరగబడతారు. ఏటా పేపర్లో ఫొటో వస్తుంది.

ఇదంతా చూపించి, మన సంప్రదాయం ఎంత విశాలమైందో చూడండి అనేవాళ్లున్నారు. క్వియర్ అనే మాట బయటినుంచి వచ్చింది గానీ, ఆ మనుషులకు మన గుళ్లలో, మన జాతరల్లో ఎప్పటినుంచో చోటుంది అంటారు. అందులో నిజం ఉంది. దీన్ని కొట్టిపారేసి, అంతా పడమటి నుంచే నేర్చుకున్నాం అనడం మన చరిత్రను మనమే చెరిపేసుకోవడం. పైగా ఇక్కడ జైలు తెచ్చింది ఆ పడమటి చట్టమే.

అయితే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. దుకాణం ముందు దీవించిన చెయ్యి, మర్నాడు అదే వీధిలో 'టు లెట్' బోర్డు ఉన్న ఇంటి తలుపు కొడితే? దీవెన ఇచ్చే మనిషికి గడప దాకా చోటుంది. గడప లోపలికి లేదు. పుట్టిన పిల్లను ఒళ్లో వేసుకుని పాడే మనిషిని బడిలో ఆయాగా పెట్టుకోమంటే ఒప్పుకునే తల్లిదండ్రులు ఎంతమంది? వాళ్ల శాపం ఫలిస్తుందని భయపడతాం. వాళ్ల ఫిర్యాదును మాత్రం పోలీస్ స్టేషన్లో రాసుకోం. వాళ్ల నోటికి దేవుడి బలం ఉందని నమ్మే జనం, ఆ నోట్లోకి ఐదు వేళ్లూ పోయే దారి చూపించరు.

ఒక మనిషిలో మనకు పనికొచ్చే దాన్ని తీసుకుని, మనిషిని వాకిట్లోనే నిలబెట్టడాన్ని గౌరవం అనలేం. అది వాడుకోవడం. పూజిస్తూ కూడా వాడుకోవచ్చు. బహుశా పూజలోనే ఎక్కువ వాడుకుంటాం, ఎందుకంటే అక్కడ అది వాడుకోవడంలా కనబడదు.

*

ఆడిన ఆటకు, ఆడిన మనిషికి మధ్య ఉన్న ఈ తెంపు మన నాటకరంగ చరిత్రలోనూ ఉంది. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలకు పేరుమోసిన నటుడు. 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆయన సత్యభామ గురించి మన పెద్దలు ఇప్పటికీ కథలు చెబుతారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయనకు 1970లో పద్మశ్రీ. ఇద్దరూ గొప్ప కళాకారులు, అందులో సందేహం లేదు. వాళ్లకు దక్కింది న్యాయమైన గౌరవమే.

కానీ అదే 1956 నవంబరులో తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. కలిసినప్పుడు ఆ 1919 చట్టం కూడా వెంట వచ్చింది. అంటే చీర కట్టి, జడ వేసుకుని, నడక మార్చి ఆడిన ఒక మనిషికి పద్మశ్రీ ఇచ్చిన దేశంలోనే, చీర కట్టి వీధిలో ఆడిన ఇంకో మనిషికి రెండేళ్ల జైలు రాసిపెట్టి ఉంది. చీర అదే. తేడా ఎక్కడుంది? ఒకరు తెల్లారేలోపు చీర విప్పేస్తారని అందరికీ నమ్మకం. ఇంకొకరు విప్పరు. రాత్రికి వేషం, పొద్దున్నే మగవాడు అంటే మనకు దిగులు లేదు, ఎంత బాగా ఆడితే అంత మెచ్చుకుంటాం. 'ఇది వేషం కాదు, ఇది నేనే' అన్న మనిషి దగ్గరే మన రసికత ఆగిపోతుంది. రంగస్థలానికి ఒక హద్దుంది, ఆ హద్దు దాటి ఆట బతుకులోకి వస్తే భరించలేం.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కూచిపూడి తరతరాలుగా బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల కళ. ఇటు తెలంగాణ పల్లెల్లో ఒగ్గుకథలోనూ మగవాళ్లు చీర కట్టి ఎల్లమ్మ అయ్యారు. కింది కులాల ఆడవాళ్లు, మగవాళ్లు చిందు యక్షగానం ఆడారు. దానికి శాస్త్రీయ నృత్యమనే పేరు రాలేదు, జానపదమనే పేరొచ్చింది. ఒకే పని చేసినా ఎవరు చేశారన్నదాన్ని బట్టి అది కళా, ఆచారమా, అడుక్కోవడమా అని మనం పేర్లు పెడతాం. పేరు పెట్టే అధికారం ఎవరిదో చూస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

*

సముద్రం అవతల ఇదే కథ ఇంకో రంగులో నడిచింది. విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. 1880లలో వాషింగ్టన్‌లో తనలాంటి వాళ్లను పిలిచి, పట్టు గౌన్లు వేసుకుని రహస్యంగా నాట్య వేడుకలు చేసేవాడు. వాళ్లలో చాలామంది ఒకప్పటి బానిసలే. 1888 ఏప్రిల్‌లో పోలీసులు ఆ వేడుక మీద పడి స్వాన్‌ను, ఇంకొందరిని పట్టుకుపోయారు. మిగతావాళ్లు పారిపోతుంటే స్వాన్ మాత్రం పోలీసులకు ఎదురు తిరిగాడు. 1896లో వ్యభిచార గృహం నడిపాడన్న నేరం మోపి జైల్లో పెడితే, క్షమాభిక్ష పెట్టమని ఏకంగా అమెరికా అధ్యక్షుడికే అర్జీ పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. హైదరాబాద్ చట్టానికి ఇంకా ఇరవై మూడేళ్ల ముందు మాట ఇది. రెండు చోట్లా సర్కారు చూసి భయపడింది ఒక్కదానికే. తక్కువవాళ్లనుకున్నవాళ్లు ముస్తాబై, ఒకచోట చేరి సంతోషపడటం.

స్వాన్ తర్వాతా ఆ వేడుకలు ఆగలేదు, న్యూయార్క్ హార్లెంలో పెద్ద పెద్ద బాల్స్ అయ్యాయి. కానీ అక్కడా గెలిచే కిరీటాలు తెల్లవాళ్ల నెత్తికే వెళ్లేవి. 1967లో ఒక అందాల పోటీలో క్రిస్టల్ లబేజా అనే నల్లజాతి డ్రాగ్ కళాకారిణి, ఈ పోటీలో రంగు చూసి మార్కులేశారని అందరి ముందే నిలదీసి వెళ్లిపోయింది. ఆ సన్నివేశం 'ది క్వీన్' అనే డాక్యుమెంటరీలో ఉంది. 1970ల మొదట్లో ఆమె, స్నేహితులు కలిసి నల్లజాతి వాళ్ల కోసమే బాల్ పెట్టారు, 'హౌస్ ఆఫ్ లబేజా' పుట్టింది. హౌస్ అంటే నిజంగా ఇల్లే. ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డ పిల్లలకు ఒక 'తల్లి' ఉంటుంది, తిండి పెడుతుంది, నడక నేర్పుతుంది, పోటీకి తయారుచేస్తుంది. హిజ్రా ఘరానాలు, గురువు–చేలా బంధాలు తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. కన్నిల్లు తలుపేస్తే ఇంకో ఇల్లు కట్టుకోవడం, రక్తం పంచుకోనివాళ్లను అమ్మా, అక్కా అని పిలుచుకోవడం రెండు చోట్లా విడివిడిగా కనిపెట్టిందే. అవసరం ఒకటే కాబట్టి.

ఒక తేడా మాత్రం గమనించాలి. బాల్‌లో ఆడేవాళ్లూ వాళ్లే, చూసేవాళ్లూ వాళ్లే, మార్కులేసేవాళ్లూ వాళ్లే. బయటివాళ్ల కోసం కాదు ఆ ఆట. దుకాణం ముందు చప్పట్లు బతుకుతెరువు, అందులో చూసేవాడి దయ ఉంది. హిజ్రాలు తమలో తాము చేసుకునే వేడుకలూ ఉన్నాయి, అక్కడ మనం ఉండం. అసలైన సంబరం మనల్ని పిలవని చోటే జరుగుతుందేమో. ఆ మాట మనలాంటి చూసేవాళ్లకు కాస్త కష్టంగా ఉన్నా మింగాల్సిందే.

చూసేవాళ్ల మెప్పు ఎంత దూరం వస్తుందో చెప్పడానికి గ్లాడిస్ బెంట్లీ బతుకు చాలు. 1920, 30లలో హార్లెంలో తెల్ల టక్సీడో వేసుకుని, పియానో ముందు కూచుని పాడిన నల్లజాతి స్త్రీ. ఆమెను చూడటానికి ఊరంతా వచ్చేది. కాలం మారింది, అమెరికాలో అనుమానాల రోజులొచ్చాయి. 1952లో ఒక పత్రికలో తాను మళ్లీ మామూలు ఆడదాన్నయ్యానని, పెళ్లి చేసుకున్నానని ఆమె తన పేరుతో వ్యాసం రాయాల్సి వచ్చింది. అంతకుముందు చప్పట్లు కొట్టినవాళ్లెవరూ అప్పుడు అడ్డం నిలబడలేదు. 1990లో 'వోగ్' పాటతో బాల్ నాట్యం ప్రపంచమంతా పాకింది. మడోన్నా పాట మన కాలేజీ ఫెస్టుల దాకా వచ్చింది. ఆ నాట్యం కనిపెట్టిన హార్లెం పిల్లల్లో చాలామంది అప్పటికే ఎయిడ్స్‌తో, పేదరికంతో పోతున్నారు. ఆట అందరిదీ అయింది. చావు మాత్రం వాళ్లదే.

*

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోవడానికి లేదు. ఆటపాటను ధిక్కారమని అంతగా పొగడకండి, మా ఊళ్లో ఆటే సంకెల అయింది అనగలిగినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. జోగినులు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా, అంటే 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా విడిపోకముందు మనమంతా ఉన్న జిల్లా, ఆ ఆచారం బలంగా పాతుకున్న చోట్లలో ఒకటి. దళిత ఇంటి ఆడపిల్లను చిన్నప్పుడే ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేసేవాళ్లు. జాతరలో బోనం ముందు ఆడాలి, శవం ముందు ఆడాలి, దొరల కళ్ల ముందు ఆడాలి. దేవుడి పెళ్లాం అని పేరు, ఊళ్లో బలమున్నవాడి సొత్తుగా బతుకు. మహాకవి జాషువా కూతురు హేమలతా లవణం గారు నిజామాబాద్ జిల్లాలో ఏళ్ల తరబడి ఈ ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం దేవదాసీ, జోగినీ ఆచారాలను నిషేధిస్తూ చట్టం చేసింది.

జోగినికి విముక్తి అంటే ఆడటం మానేయడం. ఆ గజ్జెలు విప్పి పారేసి, కూలికి పోయి, పిల్లల్ని బడికి పంపడం. ఆమె ముందు నిలబడి 'ఆట ఒక ధిక్కారం' అంటే మొహం మీద నవ్వుతుంది, నవ్వాలి కూడా.

మరి ఒకరికి ఆడటం స్వేచ్ఛ, ఇంకొకరికి ఆడకపోవడం స్వేచ్ఛ అయితే, ఆటలో ఏముంది? దీనికి జవాబు నాకు మన వ్యాకరణంలోనే కనిపిస్తుంది. తెలుగులో 'ఆడు' వేరు, 'ఆడించు' వేరు. ఒక్క ప్రత్యయం తేడా. కోతిని ఆడిస్తారు, తోలుబొమ్మను ఆడిస్తారు. జోగినిని ఊరు ఆడించింది. హిజ్రాను 1919 చట్టం ఆడనివ్వలేదు. ఒకటి బలవంతం, ఒకటి నిషేధం. చూడటానికి ఎదురెదురుగా ఉన్నాయి గానీ రెండింటి మాటా ఒకటే: నీ ఒళ్లు నీది కాదు, అది ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో మేం చెబుతాం. కాబట్టి కాలు కదపడంలోనే ధిక్కారం ఉందనుకోవడం పొరపాటు. కదిపేది ఎవరి మాట మీద అన్నదే అసలు సంగతి. ఆడే హక్కు నిజంగా ఉన్న మనిషికి ఆడనని చెప్పే హక్కు కూడా ఉండాలి. రెండోది లేనిచోట మొదటిదాన్ని కళ అనీ సంప్రదాయమనీ మెచ్చుకోవడం మన సుఖానికే.

ఈ కొలబద్దతో చూస్తే దుకాణం ముందు చప్పట్లు ఎటు తూగుతాయి? వేరే ఏ పనీ దొరకనివ్వకుండా చేసి, ఇక దీవించి బతకమని చెబితే అది సగం ఆడించడమే. ఆ పని చేసేవాళ్లను తక్కువ చేయడం కాదు ఇది. ఉన్న ఒక్క చోటునే వాళ్లు కళగా, హక్కుగా మార్చుకున్నారు. దబాయించి అడగడంలో కూడా ఒక ఆత్మగౌరవం ఉంది. తప్పు ఆ చప్పట్లలో లేదు, మిగతా తలుపులన్నీ మూసినవాళ్లలో ఉంది.

*

ఇంకో అభ్యంతరం మన ఉద్యమాల మిత్రుల నుంచి వస్తుంది. ముందు తిండి, ఇల్లు, ఉద్యోగం. పాటలూ రంగులూ తర్వాత. ప్రైడ్ అంటే హైదరాబాద్‌లో ఇంగ్లిష్ వచ్చినవాళ్ల సరదా, ఎల్లారెడ్డికి దానితో ఏం పని? 2013 నుంచి హైదరాబాద్‌లో క్వియర్ స్వాభిమాన యాత్ర జరుగుతోంది. అందులో కనబడే ముఖాలు ఎవరివి, మైకు ఎవరి చేతికి వస్తుంది అన్నది అడగాల్సిన ప్రశ్నే. 1989లో మార్లన్ రిగ్స్ తీసిన 'టంగ్స్ అన్‌టైడ్' అనే సినిమాలో నల్లజాతి గే మగవాళ్లు ఇదే అడిగారు. గే వీధిలో మా రంగు కనబడదు, మా వాడలో మా ప్రేమ కనబడదు, మేం ఎక్కడ నిలబడాలి అని. ఇక్కడ దళిత ట్రాన్స్ కార్యకర్తలు అడుగుతున్నదీ అదే. తమిళనాడులో గ్రేస్ బాను, ట్రాన్స్ వ్యక్తులకు రిజర్వేషన్ అన్ని కులాల వర్గాల్లోనూ అడ్డంగా ఉండాలని పోరాడటం వెనక ఉన్న లెక్క ఇదే. ట్రాన్స్ అయినంత మాత్రాన కులం పోదు కదా.

కానీ తిండి ముందా పాట ముందా అన్న పేచీకి కామారెడ్డి ఎప్పుడో జవాబు చెప్పింది. 2002లో తెలంగాణ ధూంధాం మొట్టమొదట జరిగింది ఈ ఊళ్లోనే. అప్పటికి తెలంగాణ వాదం నీళ్లు, నిధులు, నియామకాలు అనే లెక్కల్లో ఉంది. లెక్కలు నిజమే, కానీ లెక్కలు చదివి జనం రోడ్డెక్కరు. సినిమాల్లో మన యాసను రౌడీకీ, పనిమనిషికీ, నవ్వులాటకీ ఇచ్చిన రోజులవి. ఆ యాసలోనే, డప్పు పెట్టి, గజ్జె కట్టి, గొంగడి వేసుకుని రసమయి బాలకిషన్ లాంటి కళాకారులు వేదిక ఎక్కారు. దేన్ని చూసి నలుగురు నవ్వారో దాన్నే నలుగురి ముందు సంబరంగా ఎత్తి పట్టడం. జనానికి అందులో తమ ముఖం కనబడింది. నవ్వులపాలైన మనిషికి మొదట తిరిగి రావాల్సింది తన ముఖం. అది తిరిగొచ్చాకే అన్నం అడగడానికి గొంతు వస్తుంది. అందుకే పాట తిండికి పోటీ కాదు, అడిగే గొంతుకు సాధకం.

ఈ ముక్క కామారెడ్డికి తెలిసినంత బాగా ఇంకో ఊరికి తెలియకూడదు. అందుకే ఇక్కడి వాళ్లు, యాసను ఎగతాళి చేస్తే మండిపడ్డవాళ్లు, చప్పట్లను ఎగతాళి చేసినప్పుడు నవ్వితే బాధేస్తుంది. హిజ్రా నడకను వెక్కిరించే సినిమా సీనుకూ, తెలంగాణ యాసను వెక్కిరించిన సినిమా సీనుకూ తేడా లేదు. మన మీద జరిగినప్పుడు అది అవమానమని గుర్తుపట్టాం. ఆ గుర్తుపట్టడం మనతోనే ఆగిపోతే మనం నేర్చుకున్నది న్యాయం కాదు, మన వంతు కోసం కొట్లాట మాత్రమే.

ధూంధాం నుంచే ఇంకో పాఠమూ తీసుకోవాలి. రాష్ట్రం వచ్చాక ఆ పాటల్లో చాలా వాటికి సర్కారు వేదిక దొరికింది, కళాకారులకు సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలొచ్చాయి. ఉద్యోగం రావడం మంచిదే, పాడేవాడి కడుపు కాలాలని ఎవరూ కోరుకోరు. కానీ నిలదీసిన గొంతు పథకాల ప్రచారానికి వాడబడితే, ఆడేవాడు మళ్లీ ఆడించబడేవాడు అవుతాడు. జూన్ వచ్చిందంటే కంపెనీలు తమ లోగోలకు ఇంద్రధనుస్సు రంగులు పూసుకోవడమూ ఇలాంటిదే. వేడుకను పెద్దవాళ్లు ఎత్తుకున్నప్పుడు జాగ్రత్తగా ఉండాలి, వాళ్లు సాధారణంగా వేడుకను ఉంచుకుని ధిక్కారాన్ని తిరిగి ఇచ్చేస్తారు.

*

2021 నవంబరులో కర్ణాటకకు చెందిన మంజమ్మ జోగతి పద్మశ్రీ తీసుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లింది. ఎల్లమ్మ సేవలో జోగతి నృత్యం ఆడుతూ, ఒకప్పుడు వీధుల్లో అడుక్కుని బతికిన ట్రాన్స్ స్త్రీ ఆమె. తర్వాత కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలైంది. అవార్డు తీసుకునే ముందు ఆమె చీర కొంగు పట్టుకుని రాష్ట్రపతికి దిష్టి తీసింది. ఆ వీడియో అందరం చూశాం, ముచ్చటపడ్డాం. మన బజార్లో దుకాణం ముందు చేసే పనే అది. కానీ అక్కడ ఆమె చేతిలో పళ్లెం లేదు, పది రూపాయల నోటు కోసం ఎదురుచూపు లేదు. ఇవ్వడానికి తన దగ్గర ఉన్నదాన్ని, ఇవ్వాలనిపించి ఇచ్చింది. ఆడటానికీ ఆడించబడటానికీ ఉన్న తేడా ఆ ఒక్క కొంగు విసురులో ఉంది.

అందరికీ ఆ అవకాశం రావాలంటే పద్మశ్రీలు చాలవు. చట్టాలు ఏమంటున్నాయో చూడండి. 1919 చట్టంలో వీధిలో ఆడిన హిజ్రాకు రెండేళ్ల దాకా జైలు. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలో, ట్రాన్స్ వ్యక్తి మీద శారీరకంగా, లైంగికంగా దాడి చేసినవాడికి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా. వందేళ్ల తేడాతో వచ్చిన రెండు చట్టాలు. ఒకదాంట్లో వాళ్ల ఆటకు పడిన గరిష్ఠ శిక్ష, ఇంకోదాంట్లో వాళ్ల మీద అత్యాచారానికి పడే గరిష్ఠ శిక్ష ఒకటే. ఈ లెక్క మీద ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

మంచి మార్పులూ ఉన్నాయి. 2023 తీర్పులో హైకోర్టు పాత చట్టం కొట్టేసి ఊరుకోలేదు. ఆసరా పెన్షన్, చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ గురించి కూడా సర్కారుకు ఆదేశాలిచ్చింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ రోడ్ల మీద ట్రాన్స్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నిలబడ్డారు. వీధిలో కనబడితే నేరమన్న నగరంలోనే, వీధిలో నిలబడి చెయ్యి ఎత్తితే బండ్లు ఆగుతున్నాయి. అది చిన్న విషయం కాదు. వాళ్లలో ఎవరికైనా సాయంత్రం డ్యూటీ దిగాక పాడాలనిపిస్తే పాడతారు, లేకపోతే ఇంటికి పోయి పడుకుంటారు. నేను స్వేచ్ఛ అంటున్నది సరిగ్గా దాన్ని.

కాబట్టి కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఈసారి దుకాణం ముందు చప్పట్లు వినబడితే, దీవెన తీసుకోండి, తప్పేం లేదు. వాళ్ల పాట బాగుందో లేదో కూడా చెప్పండి. కానీ మన మంచితనం లెక్క అక్కడితో మొదలుపెట్టొద్దు. పాట అయిపోయాక ఆ మనిషి ఏ ఇంటికి పోతుంది, ఆ ఇంటి అద్దె కాగితం మీద ఎవరి పేరుంది, రేపు పాడబుద్ధి కాకపోతే ఏం తింటుంది? లెక్క అక్కడ మొదలవుతుంది.